మాట ఉంది, బొమ్మ లేదు: టీవీ వెనక లైట్ల సప్లై ఎందుకు చేతులెత్తేస్తుంది?

టీవీ ఆన్ చేస్తారు. లోగో వస్తుంది, రెండు సెకన్లు బొమ్మ కనిపిస్తుంది, అంతలోనే తెరంతా నల్లబడిపోతుంది. మాటలు మాత్రం ఆగవు. రిమోట్ నొక్కితే చానల్ మారుతుంది, సౌండ్ పెరుగుతుంది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే రెండు సెకన్ల ముచ్చట.

ఇది చూడగానే ఎక్కువమంది నోట వచ్చే మాట "సప్లై బోర్డు పోయింది". నేను కూడా మొదట్లో ఇలాగే అనుకుని ఒక టీవీకి బోర్డు మార్చేశాను. కొత్త బోర్డు కూడా అచ్చం పాతదానిలాగే రెండు సెకన్లు వెలిగించి ఆపేసింది. బోర్డు అమ్మినవాడు పాడైన సరుకు అంటగట్టాడని తిట్టుకుంటూ రెండోది కూడా తెప్పించాను. అదీ అంతే. చివరికి ప్యానెల్ విప్పితే తెలిసిందేమిటంటే, లోపల ఉన్న రెండు ఎల్‌ఈడీ దండల్లో ఒకదాంట్లో ఒకే ఒక్క దీపం మాడిపోయింది. మూడు బోర్డులూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించానన్నమాట.

అసలు నేను చేసిన పెద్ద తప్పు బోర్డు మార్చడం కాదు. ఆ రెండు సెకన్లలో తెర సగమే వెలుగుతోందని గమనించకపోవడం. కింది సగం మొదటినుంచీ చీకటిగానే ఉంది. నా కళ్లు లోగో ఉన్న పై సగం మీదే ఉండిపోయాయి. అందుకే ఇప్పుడు ఈ రకం టీవీ ఏది వచ్చినా ముందు స్క్రూడ్రైవర్ తీయను, ఫోన్ తీస్తాను. గదిలో లైట్లు ఆర్పి, స్లో మోషన్‌లో వీడియో తీసి, ఆ రెండు సెకన్లను నాలుగుసార్లు చూస్తాను. ఎక్కడ వెలిగింది, ఎక్కడ వెలగలేదు, ఒక్కసారిగా ఆరిపోయిందా, ముందు మిణుకుమిణుకుమని తర్వాత ఆరిందా? సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

టార్చి పట్టుకుని చూస్తే

ముందు పేరు దగ్గరే ఒక గందరగోళం ఉంది. మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. బొమ్మను తయారుచేసేది ముందున్న లిక్విడ్ క్రిస్టల్ అద్దం. దానికి సొంత వెలుతురు లేదు. లక్షలాది చిన్న చిన్న కిటికీల్లాగా అది వెనకనుంచి వచ్చే వెలుతురును ఎక్కడికక్కడ వదులుతుంది, ఆపుతుంది, అంతే. వెనకున్న దీపాలు ఆరిపోతే కిటికీలు ఎంత చక్కగా తెరుచుకున్నా మనకు కనిపించేది చీకటే. ఒకప్పుడు ఆ దీపాల స్థానంలో సన్నటి ఫ్లోరోసెంట్ ట్యూబులు ఉండేవి. వాటిని వెలిగించడానికి ఇన్వర్టర్ అనే బోర్డు వేరుగా ఉండేది. పాత అలవాటు కొద్దీ కొందరు మెకానిక్‌లు ఇప్పటికీ ఎల్‌ఈడీ డ్రైవర్‌ను (దీపాలకు కరెంటు ఇచ్చే సర్క్యూట్‌ను) కూడా ఇన్వర్టర్ అనే అంటారు. నీలం ఎల్‌ఈడీ వచ్చాక దాని మీద పసుపు పచ్చ ఫాస్ఫర్ పూసి తెల్లటి వెలుతురు తీయడం కుదిరింది. ఆ నీలం దీపాన్ని సాధించినందుకే అకాసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మన టీవీ వెనక ఉన్నవి ఆ వంశం దీపాలే.

పరీక్ష చాలా తేలిక. గది చీకటి చేసి, టీవీ ఆన్‌లో ఉంచి, మంచి టార్చిని తెరకు దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకోండి. రిమోట్‌లో మెనూ నొక్కండి. నల్లటి తెర మీద దెయ్యంలా పలచగా అక్షరాలు కదిలితే బొమ్మ తయారవుతోందని అర్థం. మెయిన్ బోర్డు, టీకాన్ (బొమ్మను అద్దానికి అందించే బోర్డు), ప్యానెల్ అద్దం అన్నీ క్షేమం. పోయింది వెనక వెలుతురే, దాన్నే బ్యాక్‌లైట్ అంటారు. టార్చి వేసినా ఏమీ కనపడకపోతే అది వేరే రోగం. తెర లేత బూడిద రంగులో మెరుస్తూ బొమ్మ మాత్రం లేకపోతే అదీ వేరే రోగమే, వెనక దీపాలు బాగానే ఉన్నాయన్నమాట. ఓలెడ్ టీవీలకు ఈ పరీక్ష పనికిరాదు, వాటికి వెనక దీపాలే ఉండవు.

ఎన్ని వోల్టులు రావాలి?

రిపేరు నేర్చుకుంటున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. బ్యాక్‌లైట్ కనెక్టర్ దగ్గర ఎన్ని వోల్టులు రావాలి? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు లేదు, చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు సప్లై అయితే 12 వోల్టులు అంటే 12 ఇస్తుంది, ఏం తగిలించినా తగిలించకపోయినా. బ్యాక్‌లైట్ డ్రైవర్ అలా కాదు. అది కరెంటును పట్టుకుని కూర్చుంటుంది. దాని పంతమల్లా దండలోంచి ఇన్ని మిల్లీ యాంపులు పోవాలి అని. అందుకు ఎంత వోల్టేజీ కావాలో దండే చెప్పుకుంటుంది.

తెల్ల ఎల్‌ఈడీ ఒకటి వెలగడానికి సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది. టీవీ దీపాల్లో చాలావాటికి లోపలే రెండు చిప్పులు వరసగా ఉంటాయి, వాటికి 6 వోల్టులు. మూడు వోల్టుల దీపాలు ముప్పై సీరీస్‌లో ఉన్నాయనుకుందాం. అలంకరణకు వేలాడదీసే సీరియల్ సెట్టు లాగే అన్నమాట, ఒకటి పోతే అన్నీ పోతాయి. ముప్పై మూళ్లు తొంభై వోల్టులు. అందులోంచి 400 మిల్లీ యాంపులు పోతుంటే 36 వాట్లు. కరెంటునే ఎందుకు పట్టుకోవాలి అంటే, ఎల్‌ఈడీ వోల్టేజీని కొద్దిగా పెంచినా కరెంటు చాలా ఎక్కువగా పెరిగిపోతుంది. పైగా వేడెక్కేకొద్దీ అది తీసుకునే వోల్టేజీ తగ్గుతుంది. వోల్టేజీని స్థిరంగా ఉంచితే వేడికి కరెంటు పెరుగుతుంది, కరెంటుకు వేడి పెరుగుతుంది, చివరికి దీపం కాలుతుంది. కరెంటును కట్టేస్తే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు బోర్డు మీదికి రండి. ఎక్కువ టీవీల్లో ఈ పని చేసేది బూస్ట్ సర్క్యూట్, అంటే వోల్టేజీని పెంచేది. లావుపాటి కాయిల్, స్విచ్చిలా పనిచేసే ఒక మాస్‌ఫెట్, ఒక ఫాస్ట్ డయోడ్, ఒక ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, వీటిని ఆడించే చిన్న ఐసీ. మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడు కాయిల్‌లో కరెంటు పేరుకుంటుంది. ఆఫ్ అయిన క్షణంలో కాయిల్ ఆ శక్తిని డయోడ్ మీదుగా కెపాసిటర్‌లోకి తోసేస్తుంది. సెకనుకు వేలల్లో, లక్షల్లో ఇలా జరిగితే లోపలికి వచ్చిన 24 వోల్టులు బయటికి 90 అయి వెళ్తాయి. దండ అడుగున చాలా తక్కువ ఓమ్‌లున్న చిన్న రెసిస్టర్లు రెండో మూడో ఉంటాయి, వీటిని సెన్స్ రెసిస్టర్లు అంటారు. వాటి మీద పడే కాస్తంత వోల్టేజీని చూసి ఐసీ కరెంటు ఎంత పోతోందో తెలుసుకుంటుంది. తక్కువైతే తోపు పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది.

దండలో ఒక దీపం తెగిపోయిందనుకోండి. కరెంటు సున్నా. ఐసీకి దండ తెగిందని తెలియదు, కరెంటు చాలడం లేదని మాత్రమే తెలుసు. ఇంకా తోస్తుంది. 100, 110, 120... ఇలా పోతే కెపాసిటర్ పేలుతుంది కాబట్టి ఒక హద్దు పెట్టి ఉంటారు. దాన్నే ఓవర్ వోల్టేజీ ప్రొటెక్షన్ అంటారు. హద్దు తాకగానే ఐసీ అన్నీ ఆపేస్తుంది. సప్లై చచ్చిపోయిందని మనం అనుకునే ఆ క్షణంలో సప్లై చేసింది కాపలా కాయడం.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. తెగిన దండ అసలు వెలగకూడదు కదా, మరి రెండు సెకన్ల వెలుగు ఎక్కడిది? ఈ హద్దు తాకడం రెండు సెకన్ల పని కూడా కాదు, మిల్లీ సెకన్లలో అయిపోతుంది. కాబట్టి వెలుగు వచ్చిందంటే ఎక్కువగా రెండే దారులు. ఒకటి, నా టీవీలో లాగా దండలు ఒకటికంటే ఎక్కువ ఉండి, బాగున్నది వెలిగి, రెండింటికీ పొంతన కుదరడం లేదని డ్రైవర్ కాస్త ఆగి చూసి ఆపేయడం. అప్పుడు తెరలో ఒక భాగమే వెలుగుతుంది. రెండు, దండ ఒకటే అయినా అందులో ఒక దీపం ప్రాణం కొట్టుకులాడుతూ ఉండడం. చల్లగా ఉన్నప్పుడు లోపలి తీగ అతుక్కుని ఉంటుంది, వేడెక్కగానే విడిపోతుంది. అప్పుడు తెరంతా వెలిగి ఒక్కసారిగా ఆరిపోతుంది. టీవీని గంటసేపు ఆపి చల్లబరిచి వేస్తే కాస్త ఎక్కువసేపు వెలుగుతుంది. ఫోన్ వీడియో తీయమన్నది ఈ తేడా కోసమే.

మూత తీసే ముందు

ఈ భాగం తెలిసినవాళ్లకు విసుగ్గా ఉంటుంది, అయినా రాయక తప్పదు. 230 వోల్టుల ఏసీ డయోడ్ల బ్రిడ్జి దాటితే 325 వోల్టుల డీసీ అవుతుంది. పెద్ద టీవీల్లో పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే) సర్క్యూట్ ఉంటే దాన్ని 380 నుంచి 400 దాకా లేపుతుంది. అదంతా పెద్ద కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో 390 వోల్టులు ఉంటే అది సుమారు ఏడున్నర జౌళ్ల శక్తి. ప్లగ్ పీకేసినంత మాత్రాన అది వెంటనే పోతుందని నమ్మకండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించడం మగతనం కాదు, కెపాసిటర్‌కూ మంచిది కాదు, మీ కంటికీ మంచిది కాదు. 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న వైర్లు వేసి కాళ్ల మీద అయిదారు సెకన్లు పట్టుకుంటే చాలు. తర్వాత మీటర్ పెట్టి సున్నా వచ్చిందో లేదో చూసుకోండి.

రెండో సంగతి. బోర్డు మీద ఒక గీత ఉంటుంది, దాని మీద ట్రాన్స్‌ఫార్మరూ ఆప్టోకప్లర్లూ (వెలుతురు ద్వారా సిగ్నల్ దాటించే చిప్పులు) అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని ఉంటాయి. గీతకు ఒక పక్క మెయిన్స్‌కు నేరుగా అంటుకున్న భాగం, హాట్ గ్రౌండ్. ఇంకో పక్క విడదీసిన భాగం, కోల్డ్ గ్రౌండ్. బ్యాక్‌లైట్ కొలిచేటప్పుడు మీటర్ నల్ల ప్రోబు కోల్డ్ గ్రౌండ్‌కే, అంటే మెయిన్ బోర్డుకు పోయే గ్రౌండ్‌కే పెట్టాలి. దండ మైనస్ కాలును గ్రౌండ్ అనుకోకండి, చాలా బోర్డుల్లో అది గ్రౌండ్ కాదు. విడదీసిన పక్కే కదా అని బ్యాక్‌లైట్ ప్లస్‌ను ముట్టుకోకూడదు. అక్కడ వంద, రెండు వందల వోల్టుల డీసీ ఉంటుంది. ప్రోబులను టీవీ ఆపి ఉన్నప్పుడే క్లిప్పులతో తగిలించి, చేతులు దూరంగా పెట్టుకుని ఆ తర్వాత ప్లగ్ పెట్టండి. ఈ రెండు పేరాలు చదివి కాస్త భయం వేసినవాళ్లు టార్చి పరీక్ష, ఫోన్ వీడియో దగ్గర ఆగిపోవచ్చు. ఆ రెండింటితో మెకానిక్ చెప్పేది నిజమో కాదో పోల్చుకునేంత విషయం తెలుస్తుంది.

ముల్లు చెప్పే కథ

నల్ల ప్రోబు కోల్డ్ గ్రౌండ్‌కు, ఎర్ర ప్రోబు దండ ప్లస్‌కు. మీటర్ 600 లేదా 1000 వోల్టుల డీసీ రేంజిలో. ఇప్పుడు టీవీ వేసి అంకెను చూస్తూ ఉండండి. బూస్ట్ సర్క్యూట్‌కు లోపలికి 24 వోల్టులు వచ్చే బోర్డు అనుకుని చెప్తున్నాను, మీ బోర్డులో ఆ అంకె వేరుగా ఉండొచ్చు.

బ్యాక్‌లైట్ వెలగక ముందే అక్కడ 24కు కాస్త తక్కువ కనిపించాలి. ఇది చాలామందిని తికమక పెడుతుంది. సర్క్యూట్ ఇంకా పనే మొదలుపెట్టలేదు, వోల్టేజీ ఎలా వచ్చింది? కాయిల్, డయోడ్ రెండూ దారిలోనే ఉన్నాయి కాబట్టి లోపలికి వచ్చింది వచ్చినట్టు బయటికి జారిపోతుంది. అది మంచి గుర్తు. ఫ్యూజ్, కాయిల్, డయోడ్ మూడూ బాగున్నాయని ఒక్క అంకెలో తెలిసిపోయింది. అక్కడ సున్నా ఉంటే 24 రావడమే లేదు. ఫ్యూజ్ ఎగిరిపోయి ఉంటే కొత్తది వేసే ముందు మాస్‌ఫెట్‌ను చూడండి, అది షార్ట్ కాకుండా ఫ్యూజ్ ఊరికే పోవడం అరుదు.

టీవీ ఆన్ అయ్యాక అంకె 24 దగ్గరే బండరాయిలా ఉంటే డ్రైవర్ లేవడం లేదు. కింద చెప్పబోయే ఆన్ సిగ్నల్ రావడం లేదో, ఐసీకి సప్లై లేదో, ఐసీయే పోయిందో చూడాలి. 24 నుంచి ఒక్క ఊపున 130కి ఎగిరి వెంటనే కిందికి జారుతుంటే బోర్డు బాగుంది, దండ తెగింది. దండ అంటే దీపమే కానక్కర్లేదు, కనెక్టర్ పిన్ను మాడినా, వైరు తెగినా ఇదే లెక్క. అంకె 90 రావాల్సిన చోట 80 దగ్గర ఆగితే మూడు దీపాలు షార్ట్ అయ్యాయని అనుకోవచ్చు. కొన్ని డ్రైవర్లు దీన్ని పట్టించుకోకుండా నడిపిస్తాయి, తెర మీద నల్లటి మచ్చలు పడతాయి. కొన్ని పక్క దండతో పోల్చి చూసి ఆపేస్తాయి.

ఒక చిన్న కిటుకు. మామూలు మీటర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది. ఆ 130 మెరుపులా వచ్చి పోతే మీకు 61 అని ఏదో అర్థంలేని అంకె కనిపించి, మీరు తప్పుదారి పడతారు. మీటర్‌లో మ్యాక్స్ బటన్ ఉంటే నొక్కి పెట్టుకోండి. లేకపోతే పాత ముల్లు మీటర్ తీయండి. ముల్లు ఎగిరి పడడం చూస్తే అంకె తెలియకపోయినా కథ తెలుస్తుంది. నా దగ్గర ఉన్న ముల్లు మీటర్‌ను ఈ ఒక్క పనికోసమే అట్టిపెట్టుకున్నాను.

బూస్ట్ లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ నుంచే నేరుగా దండను నడిపే బోర్డులూ ఉన్నాయి. వాటిలో మొదట కనిపించే 24 ఉండదు. కాయిల్, మాస్‌ఫెట్ వరస ఉందో లేదో ముందే చూసుకుంటే ఈ గందరగోళం రాదు.

ఆర్డర్ ఎవరిచ్చారు?

డ్రైవర్ తనంతట తాను లేవదు. మెయిన్ బోర్డు నుంచి రెండు తీగలు వస్తాయి. ఒకటి వెలిగించు అనేది, దాన్ని బోర్డు మీద బీఎల్ ఆన్ అనో ఈఎన్‌ఏ అనో ముద్రిస్తారు. రెండోది ఎంత వెలగాలి అనేది, డిమ్ అనో ఏడీజే అనో పీడబ్ల్యూఎం అనో ఉంటుంది. ఎక్కువగా 3.3 వోల్టులు, లేదంటే 5. డిమ్ తీగ మీద మీటర్ 1.65 చూపిస్తే కంగారు పడకండి. అది 3.3 వోల్టుల సిగ్నల్, సగం సేపు ఆన్, సగం సేపు ఆఫ్ అవుతోంది, మీటర్ సగటు చూపిస్తోంది.

బీఎల్ ఆన్ అసలు రాకపోతే బోర్డును, దండను తిట్టి లాభం లేదు, మెయిన్ బోర్డు సంగతి చూడాలి. వచ్చి రెండు సెకన్లకు పోతుంటే మాత్రం జాగ్రత్త. కొన్ని టీవీల్లో డ్రైవర్ తప్పు కనిపెట్టి మెయిన్ బోర్డుకు చెప్తుంది, అది విని మెయిన్ బోర్డు సిగ్నల్ ఆపేస్తుంది. సిగ్నల్ పోయింది కాబట్టి మెయిన్ బోర్డుదే తప్పు అని తేల్చేస్తే మళ్లీ నా మూడు బోర్డుల కథే.

దీన్ని తేల్చడానికి మెకానిక్‌లు చేసే పని, మెయిన్ బోర్డు కనెక్టర్ పీకేసి, స్టాండ్‌బై (టీవీ ఆపి ఉన్నా వచ్చే) 5 వోల్టుల నుంచి ఒక్కొక్క 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా పవర్ ఆన్, బీఎల్ ఆన్, డిమ్ పిన్నులకు ఇవ్వడం. బోర్డూ దండా బాగుంటే వెనక దీపాలు వెలిగి అలాగే నిలబడతాయి. ఎక్కువ బోర్డుల్లో ఇది నడుస్తుంది. అయితే పిన్నుల పేర్లు చదవకుండా ఊహించి పెట్టకండి, కొన్నిటిలో ఆన్ అంటే సున్నా వోల్టులు.

బోర్డును ఒంటరిగా నిలబెట్టడం

నేను ఆ రోజు చేసి ఉండాల్సిన పరీక్ష ఇది. దండ కనెక్టర్ పీకేసి, దాని స్థానంలో ఒక రెసిస్టర్ పెట్టాలి. 90 వోల్టులు, 400 మిల్లీ యాంపులు అంటే 225 ఓమ్‌లు. 220 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ దొరుకుతుంది. బోర్డు బాగుంటే దాని మీద 88 వోల్టులు నిలకడగా నిలబడతాయి, రెసిస్టర్ ఇస్త్రీపెట్టెలా కాలుతుంది. దండలు రెండుంటే రెండు రెసిస్టర్లు కావాలి. బోర్డు మీద నేరం ఉందో లేదో దీనికంటే ఖచ్చితంగా చెప్పే పరీక్ష నాకు తెలియదు. ఏమీ తగిలించకుండా ఖాళీ కనెక్టర్ మీద వోల్టేజీ కొలిచి బోర్డు పోయింది అనేవాళ్లున్నారు. ఖాళీగా ఉంటే బాగున్న బోర్డు కూడా ఆపేస్తుంది, అది దాని ధర్మం.

ఈ పరీక్షలో బోర్డు ఓడిపోతే వెతకాల్సినవి నాలుగైదే. ఉబ్బిన కెపాసిటర్, లేదా చూడడానికి బాగున్నా లోపల ఎండిపోయిన కెపాసిటర్. షార్ట్ అయిన మాస్‌ఫెట్. లీకైన డయోడ్. కాయిల్ కాళ్ల దగ్గర గుండ్రంగా పగిలిన సోల్డర్. మాడిన సెన్స్ రెసిస్టర్. మాస్‌ఫెట్ పోతే ఒక్కటే పోదు, గేట్ రెసిస్టర్‌ను, వీలైతే ఐసీని కూడా చూడండి. ఇంతకంటే ఇక్కడ పెద్దగా చెప్పేది లేదు, మామూలు సప్లై రిపేరే.

దండను లోపలే ఉంచి పట్టుకోవడం

ప్యానెల్ విప్పకుండానే కనెక్టర్ దగ్గరనుంచి దండను పరీక్షించవచ్చు. మామూలు మల్టీమీటర్ డయోడ్ రేంజ్ దీనికి చాలదు, అది ఇచ్చేది చాలా మీటర్లలో 3 వోల్టుల దరిదాపు. ముప్పై దీపాల దండ దాన్ని లెక్కే చేయదు. ఎల్‌ఈడీ స్ట్రిప్ టెస్టర్ అని చిన్న పెట్టె ఉంటుంది, కొద్ది మిల్లీ యాంపులకు మించకుండా చూసుకుంటూ 300 వోల్టుల దాకా తనే పెంచుకుంటూ పోతుంది. దండ ఎక్కడ వెలుగుతుందో అక్కడ ఆగి ఆ అంకె చూపిస్తుంది. ముప్పై దీపాల దండ ఇంత తక్కువ కరెంటుకు 80 పైచిలుకు చూపిస్తుంది. 300 దగ్గర నిలబడితే తెగిపోయింది. రెండు దండలున్న టీవీలో ఒకటి 81, ఇంకోటి 76 చూపిస్తే రెండోదాంట్లో రెండు దీపాలు షార్ట్.

టెస్టర్‌కూ ఒక లోపం ఉంది. అది దీపాలను వేడెక్కించదు. వేడికి విడిపోయే దీపం టెస్టర్ దగ్గర బుద్ధిమంతుడిలా వెలుగుతుంది. అలాంటప్పుడు కరెంటు లిమిట్ ఉన్న బెంచ్ సప్లైతో, వోల్టేజీ చాలకపోతే ఒక్కో స్ట్రిప్‌ను (దీపాలు అతికించిన పట్టీని) విడిగా తీసుకుని, సగం కరెంటు మీద అరగంట వెలిగించి ఉంచితేగానీ దొంగ దొరకడు.

ప్యానెల్ విప్పడం గురించి ఒక్క మాట. దీపాల రిపేరులో డబ్బు పోయేది దీపాలకు కాదు, విప్పేటప్పుడు పాడైన అద్దానికి. అంచు వెంట ఉండే సన్నటి ఫిల్మ్ రిబ్బన్లు, వాటి మీదే చిప్పులు ఉంటాయి, ఒక్కటి చిరిగినా తెర మీద గీతలు, మామూలు పనిముట్లతో దానికి మందు లేదు. పెద్ద ప్యానెల్‌ను ఇద్దరు మనుషులు, వంగకుండా, ఒకేసారి ఎత్తాలి. లోపల వెలుతురును సమంగా పరిచే డిఫ్యూజర్ షీట్ల వరసను ఫోటో తీసి పెట్టుకోండి. వాటి మీద వేలిముద్ర పడితే టీవీ ఉన్నన్నాళ్లూ కనిపిస్తూనే ఉంటుంది.

స్ట్రిప్‌లు మార్చేటప్పుడు పోయిన ఒక్కటి కాకుండా సెట్టు మొత్తం మార్చడం మంచిది. పాతవి మసకబారి ఉంటాయి, కొత్త దాని పక్కన పట్టీలాగా తేడా కనిపిస్తుంది. పైగా ఒకే వేడి తిన్న తోబుట్టువులు అవి, మిగిలినవాటికీ ఎక్కువ రోజులు ఉండవు. కొనేటప్పుడు దీపాల సంఖ్య, పొడవు, లెన్స్ ఆకారం ఒక ఎత్తు, 3 వోల్టులవా 6 వోల్టులవా అన్నది ఒక ఎత్తు. 3 వోల్టుల చోట 6 వోల్టులవి వేస్తే 90 కావాల్సిన దండ 180 అడుగుతుంది, బోర్డు హద్దు దాటి ఆపేస్తుంది, మీరు మళ్లీ బోర్డునే తిడతారు.

ప్రొటెక్షన్ పీకేస్తే పోలా?

ఫలానా పిన్నును గ్రౌండ్ చేస్తే ప్రొటెక్షన్ పోయి టీవీ వెలుగుతుంది అని చెప్పే వీడియోలు కోకొల్లలు. వెలుగుతుంది, నిజమే. తెగిన దీపం దగ్గర ఆ సన్నటి ఖాళీలో నిప్పురవ్వ మొదలవుతుంది. దాని వెనకే ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ షీటు ఉంటుంది. 160 వోల్టుల కెపాసిటర్‌కు అంతకు మించి ఎక్కించే వీలూ ఏర్పడుతుంది. కాపలావాడు అరుస్తున్నాడని వాడి నోరు నొక్కడం లాంటిది ఇది. జబ్బు వెతకడానికి ఒక నిమిషం అలా చేసి చూసే పెద్ద మెకానిక్‌లు ఉన్నారు, వాళ్లు కూడా అలా వదిలేసి మూత బిగించరు.

దీపాలు అసలు ఎందుకు పోతాయంటే ఎక్కువ భాగం వేడికి. కరెంటు ఎక్కువ ఇచ్చి, తక్కువ దీపాలతో తెర నింపితే ఒక్కో దీపం మీద భారం పెరుగుతుంది. షాపులో పక్క టీవీకంటే ధగధగలాడాలని బ్యాక్‌లైట్‌ను వంద మీద పెట్టిన సెట్టింగ్‌తోనే మనం ఇంట్లోనూ చూస్తుంటాం. మెనూలో దాన్ని అరవైకో డెబ్బైకో దించడం అన్నిటికంటే తేలికైన వైద్యం. అయితే చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అని ఉండేది ఇది కాదు, అది నలుపు ఎంత నల్లగా ఉండాలో మార్చుతుంది. బ్యాక్‌లైట్ అని విడిగా ఉన్నదాన్ని తగ్గించాలి.

కొత్త స్ట్రిప్‌లు వేసినప్పుడు బోర్డు మీద కూడా కరెంటు తగ్గించడం చాలామంది మెకానిక్‌లకు అలవాటు. ఇందాక చెప్పిన సెన్స్ రెసిస్టర్లు సమానమైనవి మూడు పక్కపక్కన ప్యారలల్‌లో ఉన్నాయనుకోండి. ఒకటి తీసేస్తే కరెంటు సరిగ్గా మూడో వంతు తగ్గుతుంది. 600 మిల్లీ యాంపులు 400 అవుతుంది. తెర కాస్త మందగిస్తుంది, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కళ్లకు అంతగా తెలియదు. నాకైతే ఇది మంచి బేరమే. కానీ టీవీ ఎవరిదో వాళ్లకు చెప్పి చేయాలి.

మిగతా లక్షణాలు క్లుప్తంగా. తెర నీలంగానో ఊదారంగుగానో మారితే దీపాల మీది ఫాస్ఫర్ చెడిపోయింది, సప్లైకి సంబంధం లేదు. అక్కడక్కడా గుండ్రటి తెల్లటి మచ్చలుంటే దీపాల మీది లెన్సులు ఊడి లోపల పడ్డాయి, అంటించాలి. వేసిన కాసేపు మిణుకుమిణుకుమని తర్వాత సర్దుకుంటే ముందు కెపాసిటర్ మీద అనుమానం పడండి. వేడెక్కాక మిణుకుమిణుకుమంటే దీపాల మీద.

రిపేరు అయ్యాక నేను వెంటనే వెనక మూత బిగించను. తెర మీద తెల్లటి బొమ్మ పెట్టి, దండ ప్లస్ మీద మీటర్ అలాగే ఉంచి, గంటో రెండు గంటలో నడవనిస్తాను. వేసిన కొత్తలో 92 చూపించిన మీటర్, దీపాలు వేడెక్కేకొద్దీ మెల్లగా 91, 90, 89 దాకా జారి అక్కడ ఆగిపోవాలి. అది ఆరోగ్యం. అలా జారకుండా ఉన్నట్టుండి ఒక్క దెబ్బకు మూడు వోల్టులు పడితే లోపల ఒక దీపం ఇప్పుడే షార్ట్ అయినట్టు. ఇంకో మూడు పడేదాకా ఆగకండి, మళ్లీ ప్యానెల్ ఎత్తడానికి రెండో మనిషిని పిలవండి.